ఆగడం వేరు, ఆరడం వేరు: యూనిక్స్ తరహా కంప్యూటర్ షట్‌డౌన్‌తోనే పవర్ ఆఫ్ అయ్యేలా చేయడం

షట్‌డౌన్ కొట్టారు. సర్వీసులు ఒక్కొక్కటే ఆగాయి, తెర నల్లబడింది, చివరికి ఒక్క వరుస మిగిలింది: ‘సిస్టమ్ హాల్టెడ్’. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది, ముందున్న దీపం వెలుగుతూనే ఉంది. పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే తప్ప కరెంటు పోవడం లేదు. రోజూ ఇలా చేస్తూ అలవాటు పడిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. అలవాటు పడాల్సిన పని లేదు. కారణం దాదాపు ప్రతిసారీ దొరుకుతుంది, దొరికాక సవరించడానికి పది నిమిషాలు చాలు.

లినక్స్, బీఎస్‌డీలు, సోలారిస్ అన్నిటికీ పనికొచ్చేలా రాస్తున్నాను, అయితే ఎక్కువమంది వాడేది లినక్స్ కాబట్టి దాని మీదే ఎక్కువసేపు నిలుస్తాను. కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో కొట్టాలి. పెద్ద అక్షరం కావలసిన చోట ఆ మాట విడిగా చెబుతాను. కమాండ్లన్నీ రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా, లేదా ముందు సుడో చేర్చి నడపాలి.

ఆరమని ఎవరు ఎవరికి చెబుతారు

కంప్యూటర్ ఆగడానికీ ఆరడానికీ మధ్య ఉన్న తేడాలోనే ఈ సమస్య అంతా ఉంది. ఆగడమంటే ప్రోగ్రాములు ముగిసి, డిస్కులు అన్‌మౌంట్ అయి, ప్రాసెసర్ ఇక ఏ పనీ చేయకుండా నిలిచిపోవడం. ఆరడమంటే పవర్ సప్లై కరెంటు తీసేయడం. మొదటిది పూర్తిగా సాఫ్ట్‌వేర్ పని. రెండోది జరగాలంటే మాట నాలుగు చేతులు మారాలి: మీరిచ్చిన కమాండ్ ఇనిట్‌కు (సర్వీసులను మొదలుపెట్టి, ఆపే ప్రోగ్రాము) చెప్పాలి, ఇనిట్ కెర్నల్‌కు (హార్డ్‌వేర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రం) చెప్పాలి, కెర్నల్ ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) చూపిన దారిలో మదర్‌బోర్డుకు చెప్పాలి, మదర్‌బోర్డు పవర్ సప్లైకి చెప్పాలి.

పాత ఏటీ తరహా పవర్ సప్లైల్లో ఆ చివరి చెయ్యి అసలు లేదు. ముందు బటన్ నేరుగా కరెంటు తీగను తెంపే స్విచ్, దాన్ని మనిషే నొక్కాలి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణాన్ని తెచ్చినప్పుడు ఇది మారింది. ఏటీఎక్స్ సప్లై నుంచి వచ్చే తీగల్లో ఆకుపచ్చది చూడండి, అదే పవర్ ఆన్ సంకేతం. మదర్‌బోర్డు దాన్ని కిందికి, అంటే సున్నా వోల్టుల వైపు లాగి పట్టుకున్నంతసేపు సప్లై పనిచేస్తుంది, వదిలేస్తే ఆరిపోతుంది. ఊదా రంగు తీగలో 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఎప్పుడూ ఉంటుంది, మళ్లీ బటన్ నొక్కినప్పుడు మేల్కోవడానికి. కాబట్టి సాఫ్ట్‌వేర్‌తో ఆర్పడమంటే ఆ ఆకుపచ్చ తీగను వదిలేయమని మదర్‌బోర్డుకు చెప్పడమే. మీ మెషీన్ ఏటీ కాలం నాటిదైతే ఏ సెట్టింగూ పనిచేయదు, ‘సిస్టమ్ హాల్టెడ్’ కనిపించాక స్విచ్ నొక్కడమే దారి.

ఆ మాట చెప్పే పద్ధతులు రెండు వచ్చాయి. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఏపీఎం మొదటిది. అందులో పని చేసేది బయోస్ అనే ఫర్మ్‌వేర్, కెర్నల్ దాన్ని పిలిచి అడుగుతుంది. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషీబా కలిసి తెచ్చిన ఏసీపీఐ రెండోది. ఇందులో ఫర్మ్‌వేర్ పట్టికల రూపంలో దారి మాత్రమే రాసిపెడుతుంది, నడిచేది కెర్నల్. ఇవాళ మీ బల్ల మీదున్న మెషీన్ దాదాపు తప్పకుండా ఏసీపీఐదే.

మొదటి మెట్టు: చివరి వరుస చదవండి

ఏ ఫైలూ ముట్టుకోకముందు ఒకసారి మామూలుగా షట్‌డౌన్ చేసి తెర మీద చివరగా ఏముందో చూడండి. రంగుల బొమ్మ అడ్డొస్తుంటే ఎస్కేప్ నొక్కండి. అప్పటికీ కనిపించకపోతే గ్రబ్ (మెషీన్ లేచేటప్పుడు కెర్నల్‌ను ఎక్కించే ప్రోగ్రాము) మెనూలో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర్న ఉన్న ‘క్వైట్’, ‘స్ప్లాష్’ అనే రెండు మాటలూ చెరిపి, కంట్రోల్-ఎక్స్‌తో బూట్ చేసి మళ్లీ చూడండి. ఆ మార్పు ఆ ఒక్క బూట్‌కే, శాశ్వతం కాదు.

చాలామంది ఈ మెట్టు దాటేసి, ఎక్కడో చదివిన కెర్నల్ పారామీటర్లు (బూట్ వరుసలో కెర్నల్‌కు ఇచ్చే సెట్టింగులు) నాలుగు ఒకేసారి చేర్చి చూస్తారు. ఒకవేళ పనిచేసినా ఏది పనిచేసిందో తెలియదు, ఆర్నెల్ల తర్వాత అందులోనే ఒకటి వేరే సమస్య తెస్తుంది. ఒక్కోసారి ఒక్కటే మార్చండి.

తెర మీద కనిపించేది నాలుగింటిలో ఒకటి అవుతుంది. ‘సిస్టమ్ హాల్టెడ్’ అని ఆగితే, కెర్నల్‌కు ఆరమనే మాట చేరలేదు, లేదా చేరినా ఆర్పే దారి దానికి తెలియదు. ‘పవర్ డౌన్’ అని వచ్చి కూడా ఫ్యాన్ తిరుగుతుంటే, కెర్నల్ తన వంతు చేసింది, ఫర్మ్‌వేర్ దగ్గర తేడా వచ్చింది. ఈ రెండూ రాకుండా ఏదో సర్వీసు పేరు దగ్గర నిలిచిపోతే, షట్‌డౌన్ ఇంకా పూర్తే కాలేదు. పూర్తిగా ఆరి, రెండు మూడు సెకన్లలో తనే మళ్లీ లేస్తే, ఏదో పరికరం దాన్ని లేపుతోంది.

‘సిస్టమ్ హాల్టెడ్’ వచ్చిందంటే ఫైల్ సిస్టమ్‌లు అప్పటికే భద్రంగా మూసుకున్నాయి. అప్పుడు పవర్ బటన్ 4 సెకన్లకు పైగా నొక్కి పట్టుకుని ఆర్పినా డేటాకు నష్టం లేదు. షట్‌డౌన్ మధ్యలో నిలిచిపోయినప్పుడు మాత్రం ఆ పని చేయకండి, దానికి వేరే మార్గం కింద ఉంది.

రెండో మెట్టు: కమాండ్ సరైనదేనా

సిస్టమ్‌డీ (ఇప్పటి లినక్స్‌లలో ఎక్కువగా వాడే ఇనిట్) ఉన్న లినక్స్‌లో హాల్ట్ అంటే నిజంగానే ఆగడం మాత్రమే, కరెంటు తీయదు. ఆర్పాలంటే వీటిలో ఏదైనా ఇవ్వండి:

పవర్‌ఆఫ్
సిస్టమ్‌సీటీఎల్ పవర్‌ఆఫ్
షట్‌డౌన్ నౌ

షట్‌డౌన్‌కు ఇక్కడ మామూలు అర్థమే ఆర్పడం. సమయం చెప్పకపోతే ఒక నిమిషం ఆగి మొదలుపెడుతుంది, ఈలోగా మనసు మారితే షట్‌డౌన్ -సీ అని రద్దు చేయవచ్చు. చిన్న అక్షరం హెచ్‌తో -హెచ్ ఇచ్చినా ఆరుతుంది, పెద్ద అక్షరం హెచ్ ఇస్తే మాత్రం ఆగి ఊరుకుంటుంది. ఒక్క అక్షరం చిన్నదా పెద్దదా అన్న తేడాతో ఫ్యాన్ రాత్రంతా తిరిగిన సందర్భాలు నేను చూశాను. మీ స్క్రిప్టుల్లో, క్రాన్ (వేళకు కమాండ్లు నడిపే ప్రోగ్రాము) పట్టికల్లో పాత హాల్ట్ ఎక్కడైనా ఉందేమో వెతికి పవర్‌ఆఫ్‌గా మార్చండి.

ఇక్కడే ఒక తేలికైన పరీక్ష ఉంది. డెస్క్‌టాప్ మెనూలోని పవర్ ఆఫ్ నొక్కితే మెషీన్ చక్కగా ఆరుతూ, టెర్మినల్ నుంచి మాత్రం ఆరడం లేదంటే, తప్పు కచ్చితంగా కమాండ్‌దే. మిగతా మెట్లు మీకు అక్కర్లేదు.

పాత సిస్‌వీ ఇనిట్ మీద నడిచే లినక్స్‌లో పద్ధతి వేరు. అక్కడ షట్‌డౌన్ -హెచ్ నౌ అంటే ఆగడమో ఆరడమో సిస్టమ్ సెట్టింగే తేలుస్తుంది. డెబియన్ తరహాలో /ఈటీసీ/డీఫాల్ట్/హాల్ట్ అనే ఫైల్ తెరిచి, పెద్ద అక్షరాల్లో ఉన్న హాల్ట్ అనే పేరుకు ఎదురుగా పవర్‌ఆఫ్ అని ఉందో లేదో చూడండి. అక్కడ కూడా హాల్ట్ అనే ఉంటే పవర్‌ఆఫ్‌గా మార్చి సేవ్ చేయండి. సెట్టింగ్‌తో నిమిత్తం లేకుండా ఆ ఒక్కసారికి ఆర్పాలంటే షట్‌డౌన్ -హెచ్ -పీ నౌ, అందులో పీ పెద్ద అక్షరం.

ఫ్రీబీఎస్‌డీలో షట్‌డౌన్ -పీ నౌ, పీ చిన్న అక్షరం. అక్కడ -హెచ్ ఇస్తే ఆపరేటింగ్ సిస్టమ్ ఆగిందని, రీబూట్‌కు ఏదైనా కీ నొక్కమని చెప్పి నిలబడుతుంది. అదేదో లోపమనుకుని కంగారు పడేవాళ్లుంటారు, అడిగింది అదే కాబట్టి అదే చేసింది. రూట్ కాని యూజర్‌కు ఈ కమాండ్ నడిపే అనుమతి ఇవ్వాలంటే ఆపరేటర్ గ్రూపులో చేర్చితే చాలు. నెట్‌బీఎస్‌డీలోనూ -పీ యే. ఓపెన్‌బీఎస్‌డీలో రెండూ కలిపి షట్‌డౌన్ -హెచ్‌పీ నౌ అనాలి.

సోలారిస్‌లో ఇనిట్ 0 మెషీన్‌ను ఫర్మ్‌వేర్ ప్రాంప్ట్ దగ్గరికి దింపుతుంది, ఇనిట్ 5 ఆర్పుతుంది. షట్‌డౌన్‌తో చేయాలంటే -ఐ5 -జీ0 -వై అనే మూడూ ఇవ్వండి. అక్కడ కూడా పవర్‌ఆఫ్ అనే కమాండ్ ఉంది, కానీ అది సర్వీసులను పద్ధతిగా ఆపే స్క్రిప్టులను నడపదు. అందుకని ఇనిట్ 5 లేదా షట్‌డౌనే వాడండి.

మూడో మెట్టు: కెర్నల్‌కు దారి తెలుసా

లినక్స్‌లో ఈ సంగతి తెలియక చాలామంది తప్పు దారి పడతారు. మీరు పవర్‌ఆఫ్ అనే అడిగి ఉండవచ్చు. ఆర్పే దారి ఏదీ కెర్నల్ దగ్గర నమోదు కాకపోతే అది ఆ కోరికను హాల్ట్‌గా మార్చుకుని, ఆగి ఊరుకుంటుంది. అప్పుడు కూడా తెర మీద వచ్చేది ‘సిస్టమ్ హాల్టెడే’. కొత్త కెర్నళ్లలో పవర్ ఆఫ్ అందుబాటులో లేక ఆగుతున్నానని ఆ వరుసలోనే స్పష్టంగా చెబుతున్నారు, అది మంచి మార్పు. పాతవాటిలో మాత్రం మనమే తేల్చుకోవాలి: సిస్టమ్‌సీటీఎల్ పవర్‌ఆఫ్ అని స్పష్టంగా ఇచ్చాక కూడా ‘సిస్టమ్ హాల్టెడ్’ వస్తే, కెర్నల్‌కు దారి తెలియదన్నమాటే.

ఇనిట్ నుంచి కెర్నల్‌కు ఈ కోరిక రీబూట్ అనే సిస్టమ్ కాల్ ద్వారా వెళుతుంది. పొరపాటున ఎవరూ పిలవకుండా దానికి రెండు రహస్య అంకెలు ఇవ్వాలి. రెండో అంకెను పదహారు ఆధారంగా రాస్తే 28121969 వస్తుంది. లినస్ టోర్వాల్డ్స్ పుట్టినరోజు 1969 డిసెంబర్ 28. ఇన్నేళ్లుగా ప్రతి లినక్స్ మెషీన్ ఆరే ముందు ఆ తేదీనో, దానికి బదులుగా అంగీకరించే మరో మూడు అంకెల్లో ఒకదాన్నో కెర్నల్‌కు అప్పజెబుతూనే ఉంది.

దారి ఉందో లేదో చూడటానికి కెర్నల్ సందేశాల కమాండ్, అంటే డీ, ఎం, ఈ, ఎస్, జీ అనే అయిదక్షరాలు కొట్టి, దాని ఫలితంలో ఏసీపీఐ అనే మాట ఉన్న వరుసలు గ్రెప్‌తో వెతకండి. ‘సపోర్ట్స్ ఎస్0 ఎస్3 ఎస్4 ఎస్5’ లాంటి వరుస కనిపించాలి. ఎస్0 అంటే మెలకువ, ఎస్3 అంటే మెమరీలో అన్నీ ఉంచుకుని నిద్ర, ఎస్4 హైబర్నేషన్, ఎస్5 అంటే ఆరిపోవడం. మనకు కావలసింది ఎస్5. అది ఉంటే నాలుగో మెట్టుకు వెళ్లండి.

ఎస్5 లేదు, లేదా ఏసీపీఐ ప్రస్తావనే లేదు అంటే, /ప్రాక్/సీఎండీలైన్ అనే ఫైల్‌ను క్యాట్‌తో చూడండి. ఏసీపీఐ=ఆఫ్ అని ఉందా? ఎప్పుడో ఇన్‌స్టాలేషన్ నిలిచిపోతుంటే ఎవరో చెప్పారని చేర్చి, ఆ తర్వాత మరిచిపోయిన పారామీటర్ ఇది. దీని వల్ల పవర్ ఆఫ్ ఒక్కటే కాదు, బ్యాటరీ వివరాలు, ఫ్యాన్ అదుపు కూడా పోతాయి. /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ తెరిచి, గ్రబ్ సీఎండీలైన్ లినక్స్ అని పెద్ద అక్షరాల్లో మొదలయ్యే వరుసల్లోంచి దాన్ని తీసేయండి. డెబియన్, ఉబుంటుల్లో అప్‌డేట్-గ్రబ్ నడపండి, ఫెడోరా తరహాలో గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్ -ఓ /బూట్/గ్రబ్2/గ్రబ్.సీఎఫ్‌జీ నడపండి. రీబూట్ చేసి చూడండి. ఏసీపీఐ తీసేస్తే తప్ప బూట్ కాని మెషీన్ అయితే, పూర్తిగా ఆపే బదులు ఏసీపీఐ=నోఐఆర్‌క్యూ ప్రయత్నించండి. ఇంటరప్టుల పంపకం ఒక్కదాన్నే అది ఏసీపీఐ చేతిలోంచి తప్పిస్తుంది, ఆర్పే దారి మిగులుతుంది.

చాలా పాత బయోస్ అయితే కెర్నలే దాని తేదీ చూసి ఏసీపీఐని పక్కన పెట్టవచ్చు. అప్పుడు ఏసీపీఐ=ఫోర్స్ చేర్చి చూడండి.

ఏసీపీఐ అసలు లేనే లేని 32 బిట్ల మెషీన్‌కు ఏపీఎం ఉంది. మోడ్‌ప్రోబ్ ఏపీఎం అని కొట్టి మాడ్యూల్ (కెర్నల్‌కు విడిగా చేర్చే భాగం) ఎక్కించండి, పనిచేస్తే ప్రతి బూట్‌కూ ఎక్కేలా /ఈటీసీ/మాడ్యూల్స్‌లో ఆ పేరు రాయండి. రెండు ప్రాసెసర్లున్న బోర్డులో ఏపీఎం తనంతట తాను మూగబోతుంది. అక్కడ ఏపీఎం=పవర్-ఆఫ్ అనే పారామీటర్ ఇస్తే మిగతా అన్నీ ఆపేసి ఆర్పే పని ఒక్కటి మాత్రం ఉంచుతుంది. 64 బిట్ల కెర్నల్‌లో ఏపీఎం లేదు, దాని కోసం వెతకకండి.

నాలుగో మెట్టు: ‘పవర్ డౌన్’ అంది, అయినా ఆరలేదు

కెర్నల్ చివరి క్షణంలో ఏం చేస్తుందో తెలిస్తే ఇక్కడ వెతకడం సులువవుతుంది. ఫర్మ్‌వేర్ ఇచ్చిన పట్టికలో ఎస్5 పేరుతో ఒక చిన్న అంకె ఉంటుంది. కెర్నల్ ముందుగా ఫర్మ్‌వేర్ రాసిన సన్నాహపు పద్ధతిని నడిపి, తర్వాత పవర్ మేనేజ్‌మెంట్ కంట్రోల్ రిజిస్టర్‌లో ఆ అంకెను మూడు బిట్లలో రాసి, 13వ బిట్‌ను ఒకటి చేస్తుంది. ఆ బిట్ పడగానే చిప్‌సెట్ ఆకుపచ్చ తీగను వదిలేయాలి. ఫర్మ్‌వేర్ పట్టికలో అంకె తప్పుగా ఉన్నా, సన్నాహపు పద్ధతిలో ఏదో పరికరం జవాబు కోసం ఎదురుచూస్తూ చిక్కుకున్నా, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది.

తప్పు లినక్స్‌దా ఫర్మ్‌వేర్‌దా తేల్చడానికి నాకు బాగా నచ్చిన పరీక్ష గ్రబ్‌లోనే ఉంది. మెషీన్ ఆన్ చేసి, గ్రబ్ మెనూ రాగానే సీ అక్షరం నొక్కండి, ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ హాల్ట్ అని కొట్టండి. గ్రబ్ హాల్ట్ కరెంటు తీయడానికే ప్రయత్నిస్తుంది, సిస్టమ్‌డీ హాల్ట్‌తో దీన్ని కలపకండి. కెర్నల్ ఇంకా రాలేదు, డ్రైవర్లు లేవు. అయినా ఆరకపోతే అనుమానం ఫర్మ్‌వేర్ మీద, బోర్డు మీద బలపడుతుంది. బయోస్ లేదా యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్) తాజా వెర్షన్ ఎక్కించండి, సెట్టింగులను ఒకసారి ఫ్యాక్టరీ విలువలకు తెచ్చి చూడండి. గ్రబ్ దగ్గర ఆరి, లినక్స్ ఎక్కాక ఆరకపోతే, లినక్స్ లేపిన ఏదో పరికరం అడ్డుపడుతోంది.

ఆ పరికరం ఏదో పట్టుకోవడానికి అన్నిటికంటే ముందు బయట తగిలించినవన్నీ పీకేయండి: యూఎస్‌బీ డ్రైవ్, ప్రింటర్, డాక్. మౌస్, కీబోర్డు తప్ప ఏమీ లేకుండా ఆర్పి చూడండి. అప్పుడూ ఆరకపోతే మాడ్యూళ్లు. గ్రాఫిక్స్, నెట్‌వర్క్, వైఫై డ్రైవర్లను ఒక్కోసారి ఒక్కటి ఆర్‌ఎంమాడ్‌తో తీసి, వెంటనే పవర్‌ఆఫ్ కొట్టండి. ఓపిక కావాలి, కానీ ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు.

నేరస్తుడు దొరికాక సిస్టమ్‌డీ ఒక చక్కని చోటు ఇస్తుంది. /యూఎస్‌ఆర్/లిబ్/సిస్టమ్‌డీ/సిస్టమ్-షట్‌డౌన్ అనే డైరెక్టరీలో ఉన్న ప్రతి ఎగ్జిక్యూటబుల్ ఫైలూ ఆరే ముందు చిట్టచివరి క్షణంలో నడుస్తుంది, దానికి పవర్‌ఆఫ్ అనో రీబూట్ అనో మాట కూడా అందుతుంది. ఆ మాడ్యూల్‌ను తీసే రెండు వరుసల షెల్ స్క్రిప్టు అక్కడ పెట్టి, సీహెచ్‌మాడ్ +ఎక్స్ చేయండి. అప్పటికి చాలావరకు ఫైల్ సిస్టమ్‌లు మూసుకుని ఉంటాయి కాబట్టి అందులో పెద్ద పనులేవీ పెట్టకూడదు.

ఫ్రీబీఎస్‌డీలో ఇదే పరిస్థితికి ఒక సిస్‌సీటీఎల్, అంటే కెర్నల్ నడుస్తుండగానే మార్చగల సెట్టింగ్, ఉంది: హెచ్‌డబ్ల్యూ.ఏసీపీఐ.డిజేబుల్_ఆన్_పవర్‌ఆఫ్. ఇప్పుడున్న విలువ 0 అయితే 1, 1 అయితే 0 చేసి ఆర్పి చూడండి. కలిసొస్తే ఆ వరుసను /ఈటీసీ/సిస్‌సీటీఎల్.కాన్ఫ్‌లో రాసుకోండి.

ఆరినట్టే ఆరి మళ్లీ లేచే మెషీన్

దీన్ని చాలామంది షట్‌డౌన్ పనిచేయడం లేదని అనుకుంటారు. నిజానికి అది బాగానే పనిచేసింది, స్టాండ్‌బై కరెంటు మీద మెలకువగా ఉన్న ఏదో పరికరం తిరిగి లేపింది. నెట్‌వర్క్ కార్డు మీద మొదటి అనుమానం. ఈథ్‌టూల్ అని కొట్టి ఖాళీ వదిలి మీ ఇంటర్‌ఫేస్ పేరు ఇవ్వండి. ‘వేక్-ఆన్’ ఎదురుగా జీ అని ఉంటే మ్యాజిక్ ప్యాకెట్ (లేపడానికే పంపే ప్రత్యేక నెట్‌వర్క్ సందేశం) వస్తే లేస్తుంది, అది సాధారణంగా ఇబ్బంది పెట్టదు. యూ, ఎం, బీ లాంటి అక్షరాలుంటే మామూలు ట్రాఫిక్‌కు కూడా లేస్తుంది. ఈథ్‌టూల్ -ఎస్, ఇంటర్‌ఫేస్ పేరు, డబ్ల్యూఓఎల్ డీ అని ఇస్తే పూర్తిగా ఆగుతుంది. రీబూట్ తర్వాత పాత విలువ తిరిగి రావచ్చు కనుక, సరిపోయిందని తేలాక దాన్ని పైన చెప్పిన షట్‌డౌన్ డైరెక్టరీలోనే పెట్టండి.

తర్వాతది యూఎస్‌బీ కంట్రోలర్. /ప్రాక్/ఏసీపీఐ/వేకప్ అనే ఫైల్ చూస్తే లేపగలిగే పరికరాల జాబితా వస్తుంది, ఎక్స్‌హెచ్‌సీ అని కనిపించేది యూఎస్‌బీ. ఆ పేరును ఎకోతో అదే ఫైల్‌లోకి పంపితే దాని స్థితి తిరగబడుతుంది. ఎనేబుల్ ఉంటే డిజేబుల్, డిజేబుల్ ఉంటే ఎనేబుల్. రెండుసార్లు పంపితే మొదటికే వస్తుంది, అందుకని పంపిన ప్రతిసారీ ఫైల్ మళ్లీ చదివి చూసుకోండి.

బయోస్‌లో కూడా మూడు సెట్టింగులు చూడాలి: గడియారం అలారంతో లేవడం, కీబోర్డుతో లేవడం, కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలన్నది. ఈఆర్‌పీ అనే పేరుతో ఒక సెట్టింగ్ ఉంటే దాన్ని ఆన్ చేయండి. ఆరిన తర్వాత స్టాండ్‌బై వాడకాన్ని అది బాగా తగ్గిస్తుంది, దాంతోపాటే లేపే పరికరాలు చాలావరకు మూగబోతాయి.

షట్‌డౌన్ మధ్యలోనే నిలిచిపోతే

‘ఎ స్టాప్ జాబ్ ఈజ్ రన్నింగ్’ అని ఎర్ర చుక్కలు అటూ ఇటూ కదులుతుంటే తొందరపడి బటన్ నొక్కకండి. సిస్టమ్‌డీ మామూలుగా ఒక్కో సర్వీసుకు 90 సెకన్లు ఇస్తుంది, ఆ తర్వాత బలవంతంగా చంపి ముందుకు సాగుతుంది. రెండు నిమిషాలు ఆగితే చాలాసార్లు ఆరిపోతుంది. ప్రతిసారీ ఇలాగే అవుతుంటే ఆ వరుసలో ఉన్న సర్వీసు పేరు రాసుకోండి. మళ్లీ బూట్ అయ్యాక జర్నల్‌సీటీఎల్ -బీ -1 -ఈ అని కొడితే వెనకటి బూట్ చివరి సందేశాలు కనిపిస్తాయి. సర్వర్ ముందే ఆరిపోయి దిక్కులేకుండా మిగిలిన ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్లు (నెట్‌వర్క్ మీద తగిలించుకున్న ఫోల్డర్లు) తరచుగా పట్టుబడే దొంగలు. 90 సెకన్లను 10కి తగ్గించమని సలహాలు దొరుకుతాయి, నేను ఇవ్వను. డేటాబేస్ తన చివరి రాతలు డిస్కుకు చేర్చుకుంటున్న సమయంలో దాన్ని చంపినట్టవుతుంది.

మెషీన్ పూర్తిగా బిగుసుకుపోతే నేను పైన దాచిన మార్గం ఇది. ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ కీలు కలిపి పట్టుకుని (ప్రింట్ స్క్రీన్ కీ మీద ఆ పేరు ఉంటుంది) ఎస్ నొక్కండి, మిగిలిన రాతలు డిస్కుకు చేరతాయి. రెండు సెకన్లాగి యూ నొక్కండి, ఫైల్ సిస్టమ్‌లు చదవడానికి మాత్రమే అన్న స్థితికి మారతాయి. తర్వాత ఓ నొక్కండి, ఆరుతుంది. ఇది పనిచేయాలంటే /ప్రాక్/సిస్/కెర్నల్/సిస్‌ఆర్‌క్యూ విలువ 1 కావాలి, లేదా అందులో 16, 32, 128 మూడూ కలిసి ఉండాలి, అంటే కనీసం 176. అవసరం రాకముందే చూసి పెట్టుకోండి.

డెస్క్‌టాప్ కాని మెషీన్లు

రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డుల్లో ఏటీఎక్స్ సప్లై లేదు, అడాప్టర్‌ను బోర్డు ఆర్పలేదు. అయినా పై 4, పై 5 లలో బూట్‌లోడర్ సెట్టింగుల్లో పవర్ ఆఫ్ ఆన్ హాల్ట్ అనే విలువను 1 చేస్తే ఆగిన తర్వాత తినే కరెంటు బాగా తగ్గుతుంది. పై 4లో అయితే వేక్ ఆన్ జీపీఐఓ విలువను 0 కూడా చేయాలి. రెండూ ఆర్‌పీఐ-ఈప్రామ్-కాన్ఫిగ్ -ఈ తో మార్చవచ్చు. పైకి తగిలించిన రిలేతో మొత్తం కరెంటే తీయాలనుకుంటే జీపీఐఓ-పవర్‌ఆఫ్ అనే ఓవర్లే ఉంది. కెర్నల్ చివరి క్షణంలో అది ఒక పిన్ స్థితి మార్చి, కరెంటు తీయమని రిలేకు చెబుతుంది.

వర్చువల్ మెషీన్ ఆగి కూడా జాబితాలో నడుస్తున్నట్టే కనిపిస్తే, దాని నిర్వచనంలో ఏసీపీఐ ఆన్‌లో ఉందో లేదో చూడండి. వర్ష్ (వీ, ఐ, ఆర్, ఎస్, హెచ్: వర్చువల్ మెషీన్లను నడిపే కమాండ్) షట్‌డౌన్ ఇచ్చినప్పుడు హోస్ట్ చేసేది ఏసీపీఐ పవర్ బటన్ నొక్కినట్టు లోపలికి చెప్పడం. లోపల దాన్ని వినే లాగిన్‌డీ గానీ ఏసీపీఐడీ గానీ లేకపోతే ఆ నొక్కు వృథా.

యూపీఎస్‌తో నడిచే సర్వర్‌ను బ్యాటరీ అయిపోతున్నప్పుడు ఆర్పే పని నట్ (యూపీఎస్‌ను గమనించే ప్రోగ్రాము) లాంటి దానికి అప్పజెబితే, ఒక చిక్కు ముందే ఆలోచించుకోవాలి. సర్వర్ ఆరిన తర్వాత, యూపీఎస్ బ్యాటరీ పూర్తిగా తగ్గకముందే కరెంటు తిరిగి వస్తే, సర్వర్‌కు కరెంటు పోయినట్టే తెలియదు, కాబట్టి తనంతట లేవదు. అందుకే నట్ షట్‌డౌన్ చివర్లో యూపీఎస్‌ను కూడా కాసేపు ఆరి మళ్లీ లెమ్మంటుంది. బయోస్‌లో కరెంటు వచ్చాక ఆన్ కావాలన్న సెట్టింగ్ దానికి జతగా ఉండాలి.

దూరంగా ఎక్కడో ఉన్న సర్వర్‌కు పవర్‌ఆఫ్ కొట్టేముందు తిరిగి ఎలా లేపుతారో తేల్చుకోండి. ఐపీఎంఐ (సర్వర్ ఆరి ఉన్నా దూరం నుంచి అదుపు చేసే ఏర్పాటు) ఉంటే ఐపీఎంఐటూల్ చాసిస్ పవర్ ఆన్ సరిపోతుంది. లేదంటే వేక్-ఆన్-ల్యాన్ పనిచేస్తుందని ముందే పరీక్షించి ఉండాలి. అప్పుడు పైన చెప్పిన వేక్-ఆన్ జీ అక్షరాన్ని ఆపకూడదు.

సరిగ్గా ఆరుతోందని ఎలా తెలుస్తుంది

ఫ్యాన్ ఆగింది కదా అని వదిలేయకండి, డిస్కును కూడా అడగండి. స్మార్ట్‌సీటీఎల్ -ఏ తో డిస్క్ వివరాలు తీసి, ఎన్‌వీఎంఈ అయితే ‘అన్‌సేఫ్ షట్‌డౌన్స్’ అనే వరుస, హార్డ్ డిస్క్ అయితే 192 నంబరు దగ్గర పవర్ ఆఫ్ రిట్రాక్ట్ లెక్క చూసి ఆ అంకె రాసుకోండి. వరుసగా అయిదుసార్లు మామూలుగా ఆర్పి, ఆన్ చేసి మళ్లీ చూడండి. అంకె కదలకపోతే కెర్నల్ డిస్కుకు ముందే చెప్పి, అది సర్దుకున్నాకే కరెంటు తీస్తోంది. ప్రతిసారీ ఒకటి చొప్పున పెరుగుతుంటే డిస్కుకు సర్దుకునే వ్యవధి దొరకకుండానే కరెంటు పోతోంది. అలా అయితే షట్‌డౌన్ డైరెక్టరీలో మీరు పెట్టిన స్క్రిప్టు తీసేసి మళ్లీ లెక్క చూడండి, తర్వాత డిస్క్ ఫర్మ్‌వేర్‌కు, కెర్నల్‌కు కొత్త వెర్షన్లు వచ్చాయేమో చూడండి.